బాపు శుక్రవారం తనిఖీ

ఆ రోజుల్లో ఉద్యోగమంటే ఏమిటో తెలియకపోయినా, ఉద్యోగానికి బండి మీద పోవడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణంలో పని దొరకగానే, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) చిన్న బండి కొనిచ్చాడు. పెట్రోలు వాసన చూపిస్తే చాలు పరుగెత్తే రకం. పరుగంటే, వెనకాల ఆటోలు విసుక్కునేంత పరుగు. తాళం చేతికిస్తూ ఒక షరతు పెట్టాడు: "రోజూ బండి మీద పనికి పోయినన్ని దినాలు ఇంటికాడ ఉండు. బండి మూలకు వడ్డదా, నీకు వీసా తీస్త. నా తోని వద్దువు." వీసా అనే మాట వినబడితే చాలు, బండి తుడిచే గుడ్డ వెతుక్కునేవాణ్ణి.

బాపు మస్కట్ తిరిగి వెళ్ళాక ప్రతి శుక్రవారం (అక్కడ సెలవు) వీడియో కాల్ చేసేవాడు. అడిగేది నన్ను కాదు, అమ్మను కాదు, బండిని. "ఏదిరా, బండి సూపియ్యి. స్టార్ట్ జెయ్యి. చైన్ మోగుతుందా?" చెల్లె ఫోన్ పట్టుకుని బండి చుట్టూ ప్రదక్షిణ చేసేది. కన్నకొడుకు కంటే ఇనుమంటేనే ఆయనకు గారాబమని నేను లోలోపల ఉడికిపోయేవాణ్ణి.

వరికోతలప్పుడు మా పెగడపల్లి నుంచి జగిత్యాలకు పోయే రోడ్డు సగం రోడ్డు, సగం కల్లం. ఒక పొద్దున ఆరబోసిన వడ్ల మీద బ్రేకు వేశాను (వెయ్యకూడదని మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు). బండి ఒక దిక్కు, నేను వడ్ల కుప్పలో. కావలి ఉన్న ముసలమ్మ పరుగున వస్తే లేపుతుందనుకుని చెయ్యి చాపాను. "కదలకు కొడుకా, వడ్లు చెదురుతయ్! మొదలు గివి ఊడ్వనియ్యి" అని నా చుట్టూ చీపురాడించి, ఆఖరున నన్ను లేపింది. ఎడమ మణికట్టు విరిగింది. దుకాణం యజమాని, చెయ్యి మానినంక రమ్మన్నాడు. నొప్పి కంటే వీసా భయమే ఎక్కువ సలిపింది.

శుక్రవారం రానే వచ్చింది. అద్దం పగిలిన ఎడమ వైపును గోడ దిక్కు పెట్టి, కట్టున్న చేతిని వీపు వెనక దాచి బండెక్కాను. అవసరం పడుతుందని అమ్మ గోడకూ బండికీ మధ్య నక్కి కూర్చుంది. బాపు చప్పుడు విన్నాడు. "మంచిగనే ఉన్నది. క్లచ్ పట్టి గేరెయ్యి." కింది నుంచి అమ్మ చెయ్యి మెల్లగా లేచి ఎడమ వైపు క్లచ్ పట్టింది.

"గాజులెప్పుడు ఏస్కున్నవ్‌రా?"

చెల్లె ఫక్కున నవ్వింది. ఫోన్ ఊగి, దాచిన కట్టు కాస్తా కనబడింది. ఇక ముసలమ్మ చీపురుతో సహా అంతా చెప్పేశాను. బాపు నవ్వలేదు. "బండికి గీత వడకుంటె నీకు దెబ్బ తాకలేదని ధైర్యంరా నాకు. గందుకే సూపియ్యమంట" అన్నాడు.

"వీసా తియ్యకు బాపూ" అన్నాను, ఏడుపు గొంతుతో.

బాపు ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "తియ్యను లే. ఈడికి రాకు. ఆ ముసల్ది వడ్లు ఊడ్సినంకనన్న లేపింది. ఈడ వడితె గంత సుత లేదు."

నాకు వినబడింది మొదటి మాట ఒక్కటే. వీసా తప్పిందన్న సంబరంలో అమ్మ కలిపి పెట్టిన అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఆయనెప్పుడు పడ్డాడో, ఎవరూ లేపకపోతే ఎట్లా లేచాడో అడగాలని కూడా తోచలేదు. అప్పటి నన్ను, ఆ ఒంటిచేతి మొనగాణ్ణి, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ వెంటనే, వాడికి అంత ఆకలి ఎట్లా వేసిందా అనిపిస్తుంది.