ఎడమవైపు బెంచీలు

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు మళ్ళీ గాడిన పడిన ఏడాది, జూన్ మొదట్లో, మా విశ్వవిద్యాలయం నన్ను అధ్యాపక శిక్షణ కేంద్రానికి డైరెక్టరుగా వేసింది. నేను విద్యాశాస్త్రం ప్రొఫెసర్ని. పదవీ విరమణ దగ్గర పడుతోంది. కేంద్రం నెల్లూరు నుంచి విడవలూరు పోయే దారిలో, వరిమళ్ళ పక్కన, ఒక పాత హాస్టల్ భవనంలో ఉండేది. సాయంత్రమైతే సముద్రం గాలికి గోడ మీది చార్టులన్నీ ఊడి పడేవి. "మేడంగారికి చివర్లో మంచి విశ్రాంతి దొరికింది" అని మావాళ్ళు ఎగతాళి చేశారు. విశ్రాంతా పాడా! లెక్చరర్లకి పాఠం చెప్పడం నేర్పడమంటే, వంటలో చేయి తిరిగినవాళ్ళింటికి భోజనానికి పోయి ఉప్పు తక్కువైందని చెప్పడంలాంటిది.

బడిలో టీచరు కావాలంటే బి.ఎడ్. చదవాలి. కాలేజీ లెక్చరరుకి ఆ నియమం లేదు. సబ్జెక్టులో పెద్ద డిగ్రీ ఉంటే చాలు, మర్నాడే చాక్‌పీసు పట్టుకుని నిలబడొచ్చు. అందుకే ఉద్యోగంలో చేరినవాళ్ళని కొన్ని వారాలు మా దగ్గరికి పంపేవారు. మేము ముందు మైక్రో టీచింగ్ చేయించేవాళ్ళం. అంటే ఏదో ఒక్క నైపుణ్యం, ప్రశ్న వేయడమో, బోర్డు వాడటమో తీసుకుని, తోటి లెక్చరర్లనే విద్యార్థులుగా కూర్చోబెట్టి చిన్న పాఠం చెప్పించడం. తరువాత పక్క డిగ్రీ కాలేజీ పిల్లలని తెచ్చి ప్రాక్టీస్ క్లాసు. చివరిరోజు ఆ పిల్లలకే, ముగ్గురు సభ్యుల ప్యానెల్ ముందు తుది పాఠం.

నేను చేరిన తరువాత మూడో బ్యాచ్‌లో రమణయ్య వచ్చాడు. ఫిజిక్స్ లెక్చరరు, ముప్ఫై దాటని మనిషి. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలవేట మీద బతికే ఊరు వాళ్ళది. ఆ ఊళ్ళో కాలేజీ లెక్చరరు అయింది ఇతనొక్కడే. అతని ప్రిన్సిపాల్ నాకు ముందే ఫోన్ చేసి సంగతి చెప్పారు. ప్రొబేషన్ ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించే వీల్లేదు. విద్యార్థుల అభిప్రాయాల్లో ఆడపిల్లలంతా ఇతని మీద ఒకే మాట రాశారు: పొగరు, మమ్మల్ని లెక్కచెయ్యడు. "మీ శిక్షణ తరువాత కూడా ఇట్లానే ఉంటే ప్రొబేషన్ డిక్లేర్ చెయ్యమని నేను రాయలేను మేడం" అన్నారాయన. అంటే ఉద్యోగం పోతుందన్నమాట.

నేను పొగరుబోతు కోసం ఎదురు చూస్తే, వచ్చినవాడు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఏం అడిగినా కిటికీ వైపు చూసి జవాబిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, ఉద్యోగం నాది ఊడుతోందా, నీది ఊడుతోందా? ఇటు చూసి మాట్లాడు" అన్నాను. చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మైక్రో టీచింగ్‌లో అతను మా అందరి నోళ్ళూ మూయించాడు. ఉదాహరణలు చక్కగా ఉన్నాయి, బోర్డు పని ముత్యాలే. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. తెలుగు లెక్చరరు హైమావతి, బ్యాచ్‌లో అందరికంటే పెద్దది, "ఫిజిక్స్ ఇట్లా చెప్పుంటే నేనెందుకు తెలుగులో చేరతాను మేడం" అని నాతో అంది. మరి ఆ పిల్లల గోల ఏమిటి? నాకేమీ అంతుపట్టలేదు.

ప్రాక్టీస్ క్లాసులో పట్టుబడింది. మా వైపు కాలేజీల్లో మగపిల్లలు కుడివైపు, ఆడపిల్లలు ఎడమవైపు కూర్చుంటారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్ళంతట వాళ్ళే విడిపోతారు. ప్రతి ప్రాక్టీస్ క్లాసునూ మేము వీడియో తీసి, మర్నాడు సౌండ్ తీసేసి అందరికీ చూపించేవాళ్ళం. శబ్దముంటే ఎవరి గొంతు మీద వాళ్ళకి మోజు పుడుతుంది, చేసే పని కనపడదు.

వీడియో నడుస్తోంది. రమణయ్య కుడివైపు బెంచీలకి చెబుతున్నాడు, బోర్డుకి చెబుతున్నాడు, వెనక గోడకి చెబుతున్నాడు. ఎడమవైపుకి ఒక్కసారైనా తల తిప్పలేదు. ఆ వైపు రెండో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. కాసేపు చూసి దించింది. మళ్ళీ ఎత్తింది. చెయ్యి నొప్పెట్టి, రెండో చేత్తో మోచేతిని పట్టుకుని నిలబెట్టింది. చివరికి ఆ చేత్తోనే చున్నీ సర్దుకుని, పుస్తకం మూసేసింది. గదిలో ముందు ఎవరో నవ్వారు, తరువాత ఎవరూ నవ్వలేదు.

రమణయ్య లేచి నిలబడి, "మేడం, ఇంకోసారి వెయ్యండి" అన్నాడు. మళ్ళీ వేశాం. నిలబడే చూశాడు.

టీ వేళకి నా గదికొచ్చాడు. మొట్టమొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు. "మా ఊళ్ళో ఆడబిడ్డల వైపు తేరిపార చూసేవాణ్ణి మంచోడనరు మేడం. ఉద్యోగంలో చేరేరోజు మా నాయన కూడా అదే చెప్పినాడు. ఆడబిడ్డలుండే చోటికి పోతున్నావు, చూపు నేల మీద ఉండాల అని. నేను వాళ్ళకి మర్యాద ఇస్తున్నాననే అనుకున్నా. పొగరని రాసినారంటే నాకు నిద్ర పట్టలేదు."

ఆ మాటకి నా కోపం చప్పున దిగిపోయింది. అయినా ఊరుకుంటే పని జరగదు కదా. "మంచోడనే పేరు నీకు దక్కింది. పాఠం మగపిల్లలకి దక్కింది. ఆ పిల్లకేం దక్కిందయ్యా?" అన్నాను.

తెలియడం వేరు, చెయ్యడం వేరు. మా పద్ధతి ప్రకారం తరగతిని నాలుగు భాగాలుగా అనుకుని, ఒక్కో వాక్యం ఒక్కో భాగంలో ఒకరి మొహం చూసి పూర్తి చెయ్యాలి. తోటి లెక్చరర్ల మీద సాధన పెట్టాం. హైమావతి ఎడమవైపు కూర్చుని, "నా వైపు చూసి చెప్పు తమ్ముడూ, నేనేం కొరకను" అంది. "చూస్తానక్కా" అని ఇతను కళ్ళు పెద్దవి చేసి చూశాడు చూడండి, దొంగని పట్టుకోవడానికొచ్చిన పోలీసులా! ఆవిడ నవ్వలేక కుర్చీలోంచి జారింది. ఇతను చెమటలు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. రోజూ మిగతావాళ్ళు భోజనానికి పోతే వీళ్ళిద్దరూ ఇదే పని. ఆవిడ చెయ్యాల్సిన పని కాదది, ఎవరూ అడగలేదు కూడా. ఆమె ఓపికకి నేను ఈరోజుకీ దణ్ణం పెడతాను.

మధ్యలో ఆదివారం రమణయ్య ఊరికి పోయి, తండ్రికి విషయం చెప్పాడట. పెద్దాయన వల బాగుచేసుకుంటూ అంతా విని, "ఒరే అబ్బయ్యా, నేను చెప్పింది బస్టాండులో చూపు గురించిరా. పాఠం చెప్పేటప్పుడు బిడ్డల మొహం చూడకపోతే వాళ్ళకి ఎక్కిందో లేదో నీకెట్లా తెలస్తాది?" అన్నాడట. సోమవారం ఆ మాట నాకు చెబుతూ రమణయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంత సులువు మాట మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

అదేరోజు అతను చెయ్యెత్తిన అమ్మాయిని వెతుక్కుంటూ పక్క కాలేజీకి పోయాడు. పేరు శిరీష, డిగ్రీ మొదటి సంవత్సరం. వరండాలో అందరి ముందే అడిగాడు, "ఆరోజు నువ్వేదో అడగాలనుకున్నావమ్మా, ఏంది అది?" అని. ఆ పిల్ల ఆలోచించి, "ఇప్పుడు గుర్తు లేదు సార్. అప్పుడడిగుంటే గుర్తుండేది" అంది. వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను చెప్పిన ఉపన్యాసాలన్నీ కలిపినా అంత పని చెయ్యలేదు.

తుది పాఠం రోజు ప్యానెల్లో నేను, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫిజిక్స్ నిపుణుడు, రమణయ్య కాలేజీ ప్రిన్సిపాల్. పాఠం అనుకున్న వ్యవధిలో పూర్తి కావాలి, కాకపోతే మార్కులు కోస్తాం. నీళ్ళలో వస్తువులు తేలే సూత్రం తీసుకున్నాడు. సరస్సు ఉప్పునీళ్ళలో తేలే పడవ, వరదొచ్చి మంచినీళ్ళు కలిస్తే కొంచెం కిందికి దిగుతుందని చెబుతున్నాడు. తండ్రి పడవ కదా, పాఠం తెరచాప ఎత్తినట్టు పోతోంది. వాక్యం కుడివైపు, వాక్యం ఎడమవైపు. నాలో నేను హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు శిరీష చెయ్యి కూడా ఎత్తలేదు. నేరుగా లేచింది. "సార్, ఆగండి. పడవ బరువు మారలా గదా, మరి ఎందుకు దిగతాది? ముందు నుంచే నాకు అర్థం కాలేదు."

ఒక్క ముక్కలో జవాబు చెప్పి ముందుకు పోతే గట్టెక్కుతాడు, మార్కులూ వస్తాయి. నిపుణుడు వాచీ చూసుకుంటున్నాడు. రమణయ్య కూడా అది చూశాడు. చూసి, చాక్‌పీసు కింద పెట్టి, "ఇంకెవరికి అర్థం కాలేదు?" అని తరగతినంతా అడిగాడు. ఎడమవైపు చేతులు లేచాయి, వాటిని చూసి కుడివైపూ లేచాయి. బోర్డు మొత్తం తుడిచేసి మొదటినుంచి ఎత్తుకున్నాడు. బరువు అదే, కానీ మంచినీళ్ళు పలచన కాబట్టి ఆ బరువుని మొయ్యడానికి ఎక్కువ నీళ్ళు పక్కకి జరగాలి, అందుకే పడవ దిగుతుంది అని, ఈసారి శిరీష చేతనే చెప్పించాడు. పాఠం సగంలో ఉండగా బెల్లు మోగింది.

పిల్లలు వెళ్ళాక ప్యానెల్ కూర్చుంది. నిపుణుడు పాఠం పూర్తి కాలేదని మార్కులు కోశాడు. వేళకి ముగించడం కూడా నైపుణ్యమేనన్నాడు. నిజమే, ఆయన తప్పు లేదు. నేను నోరు విప్పేలోపే ప్రిన్సిపాల్ అందుకున్నారు. "మా కాలేజీలో ఇతని క్లాసులో ఆడపిల్ల గొంతు నేనెప్పుడూ వినలేదండీ. ఇవాళ విన్నాను. మిగిలిన పాఠం రేపు చెప్పుకుంటాడులెండి" అని, అక్కడే ప్రొబేషన్ డిక్లేర్ చెయ్యమని సిఫారసు రాసి సంతకం చేశారు. బయట చెట్టు కింద నిలబడి ఉన్న రమణయ్యకి చెబితే, అతను ముందు హైమావతి దగ్గరికి పరిగెత్తాడు, నా దగ్గరికి తరువాతొచ్చాడు. అదే సరైన వరస.

అంతకుముందు నేను పరిశీలకురాలిగా తరగతి వెనక కూర్చునేదాన్ని. అక్కణ్ణుంచి లెక్చరరు బాగా కనిపిస్తాడు, పిల్లల వీపులు కనిపిస్తాయి. ఆ బ్యాచ్ తరువాత, రిటైరయ్యేదాకా, నా కుర్చీని బోర్డు పక్కకి వేయించుకుని పిల్లల వైపు తిరిగి కూర్చున్నాను. పాఠం ఎలా ఉందో తెలిసేది అక్కడేనని నాకు నేర్పింది రమణయ్య, శిరీష. నేర్పినందుకు ఆ ఇద్దరికీ రుణపడి ఉన్నాను.