పడ్డవాణ్ణి కొట్టని బాబూలాల్

తెనాలిలో పరుపులు కుట్టే బాబూలాల్ గారంత మెత్తటి మనిషిని నేను చూడలేదు. ఆయన పరుపులు కూడా ఆయన తర్వాతే. అలాంటి మనిషి మా ఆటలో యోధుడు! పేరు బుడాన్ సర్దార్, చేతిలో ఇనుప గొలుసు.

ఆట నడిపేది సుమంత్. బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతూ, 2004లో ఎక్కణ్ణుంచో ఒక లావుపాటి రూల్సు పుస్తకం జిరాక్సు తీయించుకొచ్చాడు. కథ అతను చెబుతాడు, రాక్షసుల తరఫున అతనే మాట్లాడతాడు. మన యోధులు ఏం చేస్తారో మనం చెప్పాలి. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆదివారం నేను రేపల్లె నుంచి రైల్లో వచ్చేసరికి బాబూలాల్ గారి కొట్లో పరుపుల మీద సభ తీరి ఉండేది. పాచిక పరుపు కుట్లలో ఇరుక్కుని తగువులు తెస్తోందని ఆయన భార్య లాల్ బీ గారు ఒక స్టీలు పళ్లెం ఇచ్చారు.

బాబూలాల్ గారు ఏరికోరి పడగొట్టే విద్య నేర్చుకున్నారు. కాళ్లకు గొలుసు వేసి లాగితే ఎంతటివాడైనా పడాల్సిందే. అసలు లాభం ఆ తర్వాతే. ఆ విద్య వచ్చినవాడు, పడ్డవాణ్ణి వెంటనే ఇంకో దెబ్బ కొట్టొచ్చు. వాడు లేవబోతే మరో దెబ్బ. రెండూ ఉచితం. ఈయన రెండూ వదిలేసేవారు. అడిగితే, "పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడయ్యా," అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోయే మనిషితో ఎలా వేగడం?

ఒక ఆదివారం వంతెన మీద రాక్షసుడు ఎదురయ్యాడు. నా మంత్రగాడు అప్పటికే స్పృహ తప్పి పడున్నాడు. బుడాన్‌కు మిగిలిన ప్రాణం ఒక్క దెబ్బకు సరి. మూడేళ్లు పెంచుకున్న బుడాన్ పోతే ఇక ఆట మొహం చూడనని బాబూలాల్ గారు ముందే చెప్పేశారు.

గొలుసు వేశారు. రాక్షసుడు వెల్లకిలా పడ్డాడు.

"కొట్టు బాబాయ్!" అని అరిచాను.

"పడ్డాడు కదరా పాపం."

"లేస్తున్నాడండి," అన్నాడు సుమంత్. "ఇప్పుడైనా కొట్టొచ్చు."

"లేచేవాణ్ణి కొడతారటయ్యా ఎవరైనా?"

లాల్ బీ గారు లోపల్నుంచి విసురుగా వచ్చారు. "వాడు లేచి మిమ్మల్ని చంపేస్తే ఏంటి గతి?" అంటూ పాచిక లాక్కుని పళ్లెంలో వేశారు. ఇరవై! రాక్షసుడు చచ్చాడు.

నేను పరుపు మీద గెంతులేశాను. బాబూలాల్ గారి ముఖం మాత్రం వాడిపోయింది. "వాడికెవరైనా ఉన్నారా, సుమంతూ?"

సుమంత్‌కు కొంటెతనం ఎక్కువ. "తల్లి ఉందండి. అదిగో, దుడ్డుకర్ర పట్టుకుని వచ్చేస్తోంది." గొంతు బొంగురు చేసి, "నా కొడుకును చంపిందెవరు?" అని గర్జించాడు.

బాబూలాల్ గారు నిజంగానే లేచి నిలబడ్డారు. "నేనేనమ్మా. ఇదిగో, గొలుసు కింద పెట్టేశాను."

సుమంత్ పాచిక ఎత్తాడు.

"ఆగు!" లాల్ బీ గారు మొగుడికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. కళ్ల నిండా నీళ్లు. "ఆయన అబద్ధమాడుతున్నారు. ఆయన ఈగను కూడా కొట్టరు. కొట్టింది నేనమ్మా. ఏం చేస్తావో నన్ను చెయ్యి."

సుమంత్ కంగారుగా పుస్తకం తిరగేశాడు. పడగొట్టడానికి రూలుంది, ఆయుధం ఊడగొట్టడానికి రూలుంది, దీనికి మాత్రం ఏమీ దొరకలేదు. చాలాసేపటికి రాక్షసి కర్ర దించింది.

"మా ఆయన కూడా ఇంతేనమ్మా," అంది.

లాల్ బీ గారు కళ్లు తుడుచుకుని ఆవిడకు టీ పోశారు. సుమంతే తాగాడు.