అమ్మ ఇంట్లో ఉంది

ఎమ్మిగనూరులో మా ఆయన మగ్గం నేసేవాడు. ఆ మగ్గానికి నూలు కండెలు చుట్టేది నేను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఒకరోజు బడికి పోయే కూతురు ఇంగ్లీషు పాఠం వల్లిస్తోంది.

"మై ఫాదర్ హ్యాజ్ బీన్ వీవింగ్ సిన్స్ మార్నింగ్."

"అంటే ఏమే?"

"నాయన పొద్దున్నుంచీ నేస్తానే ఉండాడని."

"మరి నేను?"

"అమ్మ ఇంట్లో ఉందని. సారు అట్లనే సెప్పినాడు మా."

ఒళ్లు మండింది. రాట్నం ఆపేశాను. కాసేపటికి మగ్గమూ ఆగింది.

"యాడమ్మే కండెలు?" ఆయన అరిచాడు.

"ఇంట్లో ఊరికే ఉండేదాన్ని, నాకేం తెలుసు?"

కూతురు గబగబా నోటుబుక్కులో 'అమ్మ ఇంట్లో ఉంది' అన్న వాక్యం కొట్టేసి, అమ్మ కూడా పొద్దున్నుంచీ కండెలు చుడుతూనే ఉందని ఇంగ్లీషులో రాసి, చదివి అర్థం చెప్పింది. అప్పుడుగానీ రాట్నం తిప్పలేదు.

నలభై దాటాక నేనూ అక్షరాలు నేర్చుకున్నాను. చదువుకోమని నాకిచ్చిన వాచకంలోనూ నాన్న పనికి వెళ్తాడు, అమ్మ ఇంట్లో ఉంటుంది. దాన్ని విసిరికొట్టాను.