మల్లెపొద వెనక మోర్‌పంకి

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, మా బాపు ఇంటి ముందు గుమ్మం నుంచి బయటికి వెళ్లడం మానేశాడు. వంటింటి వెనక తలుపు తీస్తే ఒక సన్నటి గల్లీ ఉండేది. ఆ గల్లీలో మురుగునీళ్లు దాటుకుంటూ నాంపల్లి స్టేషను రోడ్డెక్కి, అక్కడి నుంచి ఆబిడ్స్‌లో తాను గుమాస్తాగా పనిచేసే ఆఫీసుకు నడిచిపోయేవాడు. అలా ఎందుకు వెళ్తున్నావని ఎవరూ అడగలేదు. ఇంటి ముందు అమ్మ పెంచిన పూలచెట్లు ఉండేవి.

మాది పెద్ద ఇల్లేమీ కాదు. రెండు గదులు, ఒక వసారా, వసారా ముందు నాలుగు మంచాలు వేసుకునేంత జాగా. ఆ జాగాలో అమ్మ మల్లె, సన్నజాజి, దేవగన్నేరు, బంతి, ఇలా అన్నీ పూసేవే పెట్టింది. పూయని మొక్కంటే ఆమెకు గిట్టదు. ఎవరైనా ప్రేమగా క్రోటన్ కొమ్మ తెచ్చిస్తే నవ్వుతూ తీసుకుని, మర్నాడు పక్కింటివాళ్లకు ఇచ్చేసేది. "జడల పెట్టుకోనీకి రాదు, దేవునికి పెట్టనీకి రాదు. దాన్ని ఏం జేసుకోవాలె" అనేది.

అమ్మ వానాకాలంలో పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోయారు, మళ్లీ నడిచి రాలేదు. అప్పుడు మా ముంగిలి సన్నజాజులతో తెల్లగా ఉంది. ఇల్లంతా జనం. కోఠి నుంచి, హిమాయత్‌నగర్ నుంచి చుట్టాలు వచ్చారు. ఒకరు నాకు తల దువ్వితే ఇంకొకరు ముద్దలు చేసి నోట్లో పెట్టేవారు. నన్ను చూసిన ప్రతి ఒక్కరూ ఏడ్చేవారు. దినాలు అయిపోయాక ఒక్కొక్కరే సంచులు సర్దుకున్నారు. మిగిలింది మా మేనత్త ఒక్కతే.

ఆమె మా బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉస్మాన్‌గంజ్‌లో అత్తగారింట్లోనే ఉండేది. వాళ్లది బెల్లం, చింతపండు వ్యాపారం కావడంతో ఆమె చీరలకు ఎప్పుడూ చింతపండు వాసన వేసేది. మాట తక్కువ. నన్ను గుండెకు హత్తుకుని ఏడ్చే రకం కాదు. నేను వసారాలో కూర్చుంటే తన పని తెచ్చుకుని వసారాలో కూర్చునేది. లేచి లోపలికి పోతే కాసేపటికి ఆమె కూడా లోపలికి వచ్చేది. నాకప్పుడు అది విసుగ్గా ఉండేది.

చలికాలం వచ్చింది. బంతిమొక్కలు ఎండిపోయాయి. దేవగన్నేరు ఆకులన్నీ రాల్చేసుకుని బోడిగా నిలబడింది. ఒకరోజు మేనత్త మల్లెపొద ముందు కూర్చుని ఆకులన్నీ దూసేసి, కొనలు కత్తిరించింది. అమ్మ కూడా ఏటా అలాగే చేసేదట, నేనెప్పుడూ గమనించలేదు. ఆ పుల్లలను చూస్తే నాకు భయం వేసింది. అమ్మ వెనకాలే చెట్లు కూడా పోతున్నాయనుకున్నాను.

ఆ మాట బాపు నోటి నుంచే వచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఎందుకో వసారాలోకి వచ్చి, ఆ బోడి కొమ్మలు చూసి అక్కడే ఆగిపోయాడు.

"అన్ని పీకిపిస్తనక్కా. షాబాదు బండలు ఏపిస్త. నేను సూడలేకపోతున్న" అన్నాడు.

మేనత్త వాదించలేదు. "ఎండకాలం దాక ఆగు తమ్మీ. గప్పుడు నీ ఇష్టం" అంది. బాపు లోపలికి పోయాడు. నేను తలుపు చాటున నిలబడి ఏడుస్తున్నాను. ఆమె నన్ను చూసింది, ఊరడించలేదు. మొహం కడిగి, మంచి గౌను తొడిగి, చేయి పట్టుకుని పబ్లిక్ గార్డెన్‌కు తీసుకుపోయింది.

అక్కడ కూడా దేవగన్నేర్లు మా ఇంట్లోలాగే మొండిగా ఉన్నాయి. కొన్ని పూలమళ్లు తవ్వి వదిలేసి ఉన్నాయి. మేము ఒక పచ్చటి గోరింట వరస పక్కన గడ్డిలో కూర్చున్నాం. మేనత్త చుట్టూ చూసి, "గీడ ఏం పూలున్నయి బిడ్డా?" అని అడిగింది.

"ఏం లేవు."

"మరి గింతమంది ఎందుకొచ్చిన్రు?"

నేను చూశాను. ఒక ముసలాయన మోర్‌పంకి చెట్టుకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. నెమలి పింఛంలా విచ్చుకునే ఆకులుంటాయి కాబట్టి మా వైపు ఆ చెట్టును అలా అంటారు. పిల్లలు పొదల చుట్టూ దాగుడుమూతలు ఆడుతున్నారు. ఒక కుటుంబం డబ్బా విప్పి పూరీలు తింటోంది. తోటంతా పచ్చగానే ఉంది.

కొంతసేపయ్యాక, నాతోనో తనలో తానో తెలియకుండా చెప్పసాగింది. "మీ మామ నన్ను గీడికి తోల్కొస్తుండె. ఆయన పోయినప్పుడు ఇల్లు నిండ జనమే. అందరు ఏడ్సిన్రు, అందరు పోయిన్రు. పోరా మరి, ఎవరి సంసారం వాళ్లది. మా అత్తగారు ఒక్కతె నా తాన కూసున్నది. ఆమె నోరు మంచిది కాదు, నాతోని ఒక్క మంచిమాట అనలే. కొడుకు పోయిండు ఆమెకు. అయినా చాట తెచ్చుకొని నా పక్కకే కూసొని బియ్యం ఏరేది. ఆమె లేకుంటే నేను బాయిల వడుతుంటినేమో."

అంత పొడుగ్గా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గడ్డిపోచలు పీకుతూ కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆబిడ్స్ దాకా పోయి, మొక్కల బండివాడి దగ్గర రెండు మోర్‌పంకి మొక్కలు, ఒక క్రోటను, ఒక కట్ట గోరింట అంట్లు తీసుకుంది. రిక్షాలో వాటిని ఒళ్లో పెట్టుకుని నేను మొహం ముడుచుకునే ఉన్నాను. ఇంటికొచ్చి ఆమె గుంతలు తవ్వుతుంటే మనసులో మాట చెప్పేశాను.

"ఇవి అమ్మకు నచ్చవు."

ఆమె తవ్వడం ఆపింది. "ఔ, నచ్చవు" అంది. చేతి మట్టి దులుపుకుని, "వచ్చి తిట్టనీ" అంది.

ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది అప్పుడే. మళ్లీ తవ్వింది. మోర్‌పంకి మొక్కలను మల్లెపొదకు వెనక, గోడ వైపుకు పెట్టింది. మల్లెకు ఎండ దండిగా కావాలి, ముందు పెడితే పెరిగి నీడ చేస్తాయని చెప్పింది. వేర్లు కొట్లాడుకోకుండా మధ్యలో చేయి చాపినంత ఎడం వదిలింది. బోడి దేవగన్నేరు మొదట్లో క్రోటను, దారి పొడుగునా గోరింట. అమ్మ మొక్క ఒక్కటి కూడా కదపలేదు. మొక్కలు పట్టుకుని నిలబెట్టే పని నాది, మట్టి కప్పే పని ఆమెది. రోజూ ఇద్దరం కలిసి నీళ్లు పోసేవాళ్లం. ఆ చలికాలమంతా బడి నుంచి వచ్చి గేటు తీస్తే, నా కంటికి ముందు ఆ పచ్చదనమే ఆనేది. పుల్లలను చూస్తే పుట్టే భయం మెల్లగా తగ్గింది. ఎప్పుడు తగ్గిందో చెప్పలేను.

ఎండలు ముదిరాయి. మల్లె చిగురు వేసి మొగ్గ తొడిగింది. ఒక సాయంత్రం బాపు ఎప్పటిలాగే వెనక తలుపు నుంచి వచ్చి వంటింట్లో నీళ్లు తాగుతున్నాడు. ఇల్లంతా మల్లెల వాసన. గ్లాసు పట్టుకునే ముందుకు నడిచి వచ్చాడు. ముదురాకుపచ్చ మోర్‌పంకి ముందు మల్లెలు ఎంత తెల్లగా ఉన్నాయంటే, అమ్మ ఉన్నప్పుడు కూడా అవి అంత తెల్లగా కనిపించిన గుర్తు నాకు లేదు.

"ఇవెప్పుడు పెట్టినవక్కా?"

"చలికాలంల. నువ్వు ఎనుక గల్లికెల్లి పోతుంటివి."

బాపు మెట్టు మీద కూలబడ్డాడు. అమ్మను శ్మశానానికి తీసుకుపోయినప్పుడు కూడా ఏడవని మనిషి, భుజాలు కదిలేలా ఏడ్చాడు. మేనత్త వెళ్లి తోటకూర కట్ట తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుని ఆకులు తుంపింది. ఊరుకో అనలేదు. రెండో పక్కన నేను కూర్చున్నాను. చీకటి పడేదాకా ఎవరం లేవలేదు, మల్లెలు కోయలేదు. మర్నాడు బాపు ముందు గుమ్మంలోంచి ఆఫీసుకు వెళ్లాడు. బండల మాట మళ్లీ ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక ఉస్మాన్‌గంజ్ నుంచి కబురొచ్చింది. మేనత్త అత్తగారు జారిపడి మంచం పట్టింది. మేనత్త ఆ పూటే బట్టలు సర్దుకుంది. నేను ఆమె కొంగు పట్టుకుని పోవద్దని ఏడ్చాను. "ఆమె తాన కూసునేటోళ్లు ఎవ్వరు లేరు బిడ్డా. నీకు మీ బాపున్నడు" అని నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించి రిక్షా ఎక్కింది. ఆ రోజు నాకు అమ్మ రెండోసారి పోయినట్టే ఉంది.

ఆ ముసలమ్మ చాలా ఏళ్లు మంచంలోనే బతికింది. మేనత్త పండగకో పబ్బానికో ఒక పూట వచ్చి, చెట్లకేసి ఒకసారి చూసి వెళ్లిపోయేది. ఆ ముసలమ్మ తర్వాత, నేను కాలేజీలో ఉండగా, మేనత్త కూడా పోయింది. మధ్యాహ్నం వేళ, ఇంట్లోవాళ్లంతా దుకాణంలో ఉండగా, ఒక్కతే పడుకుని ఉండి పోయిందట. మేము వెళ్లేసరికి ఇల్లు జనంతో నిండిపోయింది. బాపు చీకటి పడేదాకా ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ పోయే గడియలో ఆమె పక్కన ఎవరూ లేరన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నాంపల్లిలో మా ఇంటి స్థానంలో ఇప్పుడొక లాడ్జి ఉంది. నాకు డెబ్బై దాటాయి. ఎవరింట్లోనైనా చావు జరిగితే మొదటి రోజు పోయి కనిపించి వస్తాను. అసలు పోవడం మాత్రం అందరూ పోయాకే. టెంటు విప్పేశాక, ఫోన్లు ఆగిపోయాక, ఆ ఇంటి తలుపు ముందు చెప్పులు లేని రోజుల్లో పోతాను. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోరు అమ్మాయి తలుపు తట్టాను. ఈమధ్యే ఆమె భర్త పోయాడు. తలుపు కొంచెమే తీసి, "ఏమన్న పని మీద వచ్చిన్రా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా, ఊరికే వచ్చిన" అన్నాను.

ఆమె తలుపు పూర్తిగా తెరిచి, లోపలికి జరిగి, నాకు కుర్చీ లాగింది.