నూనె అంటని అంచు

పార్లర్ అత్తయ్య పోయిందన్న కబురు వచ్చేసరికి నా ముందు కుర్చీలో ఒక పెద్దాయన తలకి గమ్ము రాయించుకుని కూర్చుని ఉన్నాడు. బాపట్లలో నాకొక చిన్న పార్లర్ ఉంది. జుట్టు రాలిపోయినవాళ్లకి హెయిర్ ప్యాచ్ అమర్చడమే అందులో ముఖ్యమైన పని. ఫోన్ చేసింది తెనాలి నుంచి మామయ్య, అంటే అత్తయ్య భర్త. “అమ్మాయ్, మీ అత్తయ్య ఇందాకే వెళ్లిపోయింది. నువ్వు రావాలి. వచ్చేటప్పుడు నీ సామాను పెట్టె తెచ్చుకో” అన్నారు.

పెద్దాయన నా ముఖం చూసి సంగతి గ్రహించాడు. “వెళ్లమ్మా, నేను తువ్వాలు చుట్టుకుని పోయి రేపొస్తాలే” అన్నాడు. నేను కళ్లు తుడుచుకుని, “కూర్చోండి బాబాయ్, ఇంకాస్సేపే” అన్నాను. గమ్ము రాసిన తలని వదిలేసి ఎక్కడికీ కదలకూడదని నాకు నేర్పింది ఆ పోయినావిడే. ఆయనకి ప్యాచ్ పెట్టి, దువ్వి, అద్దం చూపించిన తర్వాతే షట్టర్ దించాను. ఆవిడ దగ్గరికి వెళుతూ ఆవిడ చెప్పిన పని సగంలో వదిలేసి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు.

ఆవిడ నాకు బంధువు కాదు. తెనాలిలో కాలవకి దగ్గరగా, ఇంటి ముందు గదిలోనే పార్లర్ పెట్టుకుంది. వీధి వీధంతా ఆవిణ్ణి పార్లర్ అత్తయ్య అనే పిలిచేది. ఆవిడ కంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. వెడల్పాటి ముఖం, దానికి తగ్గ బొట్టు, నడుం దాటిన జడ, ఆ జడలో ఎప్పుడూ కనకాంబరాలు. తలమీద వెంట్రుకలు లేనివాళ్లు ఆ జడ చూసి కుళ్లుకుంటారేమో అని ఎవరో అంటే, “షాపులో సరుకు బయటికి కనపడాలి కదా” అని నవ్వేసేది.

మాది రేపల్లె. డిగ్రీ చివరి ఏడాదిలో నాకు పేనుకొరుకుడు మొదలైంది. మొదట చెవి వెనక రూపాయి బిళ్లంత, తర్వాత అరచేతిలో సగమంత, ఆ తర్వాత నడినెత్తి మొత్తం. ఇక చూడండి సలహాలు. ఉల్లిరసం రాయమన్నవాళ్లు, మందారాకు నూరమన్నవాళ్లు, పక్కింటావిడైతే తమలపాకు కాడతో రుద్దమంది. అందరి మాటా విన్నాం. నా తల వంటింటి వాసన కొట్టడం తప్ప ఒక్క వెంట్రుకా మొలవలేదు. చున్నీ కప్పుకుని కొన్నాళ్లు కాలేజీకి వెళ్లి, క్లాసులో ఒక పిల్ల దాన్ని వెనక నుంచి లాగాక, మానేశాను. పరీక్షలు కూడా రాయనని మంచం ఎక్కాను. అప్పుడు మా అమ్మ ఎక్కడో విని, నన్ను రేపల్లె పాసింజర్ ఎక్కించి అత్తయ్య దగ్గరికి తీసుకొచ్చింది.

మొదటిసారి వెళ్లినప్పుడు అత్తయ్య నా తలకి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద టేపు అంటించి, ఖాళీ ఉన్నంత మేర పెన్నుతో గీత గీసింది. అదే కొలత. గీస్తూ, “ముందు అంచు ఎక్కడ పెడదాం” అని అడిగింది. నేను సగం నుదురు కప్పేలా చూపించాను. జుట్టు లేనివాళ్ల ఆశ అలాగే ఉంటుంది, ఇప్పుడు నా దగ్గరికొచ్చేవాళ్లు కూడా అక్కడే చూపిస్తారు. “అంత కిందకి దేవుడు కూడా పెట్టడు” అంటూ నా చెయ్యే పట్టుకుని నా కనుబొమ్మల మీద నాలుగు వేళ్లు అడ్డంగా ఆనించింది. “ఇదీ లెక్క, దీనిపైనే అంచు. ఎవరి నుదురుకి వాళ్ల వేళ్లే కొలత. నా వేళ్లు నీకు పనికిరావు” అంది.

ప్యాచ్ తయారయ్యాక అమర్చే రోజు వచ్చింది. ఆ పొద్దున మా అమ్మ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. శుభమా అని బయల్దేరుతూ పొడి తలతో వెళతామా అని, ఉన్న నాలుగు వెంట్రుకలకీ లేని మిగతా జుట్టుకీ కలిపి, గిన్నెడు కొబ్బరినూనె నా తలకి మర్దనా చేసింది. పార్లర్‌లో అత్తయ్య నా నెత్తి మీద వేలు పెట్టి, ఆ వేలు చూసుకుని, “నూనె ఎవరు పెట్టారు” అంది.

“నేనేనండి వదినగారూ. మంచి గానుగ నూనె” అంది మా అమ్మ గర్వంగా.

అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. నూనె ఉన్న చర్మానికి గమ్ము పట్టదు, టేపు పట్టదు, ఏదీ పట్టదు. ఇంకొకరైతే రేపు రమ్మనేవారు. అత్తయ్య నన్ను పెరట్లోకి తీసుకెళ్లి కుంకుడురసంతో తలంటింది. తుడిచి, ఆరబెట్టి, దూదితో స్పిరిట్ అద్దింది. మా అమ్మ ముఖం చిన్నబోయి ఉండటం చూసి, “వదినగారూ, మీ నూనె మానక్కర్లేదండి. ఒక్క చుక్క మాడు మీద పెట్టుకోండి. గమ్ము చుట్టూ అంచుకే రాస్తాను, మధ్యలో దాంతో పనిలేదు. మాడు మీది, అంచు నాది” అంది. మా అమ్మ ముఖం మళ్లీ వెలిగింది. అప్పట్నుంచి ప్రతిసారీ ఆ ఒక్క చుక్కా పెట్టి గానీ నన్ను పంపేది కాదు.

గమ్ము గురించి అత్తయ్య చెప్పినది నేను రోజూ అప్పజెబుతూనే ఉంటాను. పల్చగా రాయాలి, ఆరనివ్వాలి, దాని మీద మళ్లీ పల్చగా రాయాలి. తడిగా మెరుస్తున్నంతసేపూ తొందరపడకూడదు. వేలి వెనక వైపు ఆనిస్తే అంటినట్టే ఉండి వదిలెయ్యాలి, అప్పుడు పెట్టాలి. ముందు నుదుటి దగ్గర ఆనించి, అక్కణ్నుంచి వెనక్కి మెల్లగా పరుచుకుంటూ పోవాలి. వంకరగా పడితే జరపకూడదు, తీసి మళ్లీ మొదలుపెట్టాలి. “జరిపితే నీకు తప్ప అందరికీ తెలుస్తుంది” అనేది. కత్తెర పెట్టడం అన్నిటికన్నా ఆఖర్న. తల మీద కూర్చున్నాకే ఆ జుట్టు నీ జుట్టులో ఎలా కలవాలో తెలుస్తుంది.

ఆ మొదటిరోజు అద్దంలో చూసుకుని నేను ఏడ్చాను. ఏడుస్తూనే, “నాకిదంతా రాదత్తయ్యా, ప్రతిసారీ మీ దగ్గరికే వస్తాను, మీరే పెట్టండి” అన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంటుందనుకున్నాను. ఎవరైనా వచ్చే బేరం వదులుకుంటారా. ఆవిడ మాత్రం నా చేతికి చిన్న అద్దం ఇచ్చి, “నేనుంటేనే నీ తలమీద జుట్టుంటుందంటే అది నీ జుట్టెట్టా అవుద్దే? నేర్చుకో” అంది. నేర్చుకునేదాకా వదల్లేదు కూడా. నేను వంకరగా పెట్టుకుని బయటికొస్తే, “వెళ్లు, కాలవదాకా నడిచి రా” అని పంపేది. నడిచొచ్చాక తీసి మళ్లీ పెట్టుకోమనేది. ఆ ఏడే పరీక్షలు రాశాను. తర్వాత ఆ పార్లర్‌లోనే పనిలో చేరాను. ధైర్యంగా చెబుతున్నాను, ఈరోజు నా అంచు ఎక్కడుందో కనిపెట్టగలిగినవాళ్లు ఈ జిల్లాలో లేరు.

కొల్లూరు లంకల నుంచి ఒకసారి పెళ్లికొడుకు ఒకడు వచ్చాడు. అరటితోటలున్న కుటుంబం. వచ్చేవారం పెళ్లిచూపులు, బట్టతల కనపడకూడదు. అత్తయ్య చక్కగా కొలత తీసుకుని, “అమ్మాయికి చెబుతావా” అని అడిగింది. “పెళ్లయ్యాక చూద్దాంలెండి” అన్నాడు వాడు. “జుట్టు పెట్టుకోవటం మోసం కాదు నాయనా, పళ్లు కట్టించుకోవటం లాంటిదే. కానీ నీ పక్కన పడుకునే పిల్లకి చెప్పకపోతే మాత్రం మోసమే. చెప్పి రా, పెడతాను” అంది. నేను ఈ బేరం పోయిందనే అనుకున్నాను. కొన్నాళ్లకి వాడు మళ్లీ వచ్చాడు, పక్కన ఒక అమ్మాయి. “ఎలా పెడతారో నేను చూడొచ్చా అండి” అని ఆ అమ్మాయి అడిగింది. అత్తయ్య ఆ అమ్మాయి చేతికే బ్రష్ ఇచ్చి గమ్ము రాయించింది. వాళ్లిద్దరూ వెళ్లిపోయాక లోపలికొచ్చి మామయ్యతో, “ఆ పిల్ల బాగా రాసిందండి” అని సంబరంగా చెప్పుకుంది.

తర్వాత నేను బాపట్లలో సొంతంగా పెట్టుకున్నాను. ఆ మరుసటేడు అత్తయ్యకి క్యాన్సర్ అని తెలిసింది. చికిత్సలో జుట్టు పోతుందని డాక్టర్ చెప్పగానే, అది రాలేదాకా ఆగకుండా, నన్ను పిలిచి జడ కత్తిరించమంది. నేను కత్తెర పట్టుకుని జడ అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. “తిన్నగా కొయ్యి, సరుకు పాడవుద్ది” అంది.

ఆ జుట్టుతోనే తన తల మొత్తానికీ సరిపడే ప్యాచ్ కట్టుకుంది. వలలాంటి గుడ్డ మీద సన్నటి కొక్కెంతో ఒక్కో వెంట్రుకా ముడివేస్తూ, ఒంట్లో బాగున్న రోజుల్లో వసారాలో కూర్చునేది. ఓపిక తగ్గాక వెనక భాగం నేను పూర్తి చేశాను. కానీ అత్తయ్య దాన్ని ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. చికిత్సతో చర్మం పుండులా అయిపోయింది, గమ్ము తగలనిచ్చే వీలు లేదు. ఆఖరిసారి వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, “నొప్పి తెలీని రోజు వస్తదిగా, ఆరోజు పెట్టు. నన్ను నాలాగే పంపు” అంది. సరేనన్నాను.

అందుకే మామయ్య పెట్టె తెమ్మన్నారు. నేను వెళ్లేసరికి అత్తయ్యని వసారాలో పడుకోబెట్టారు. తలకి పాత చీర ముక్క చుట్టి ఉంది. పక్కన మామయ్య అక్కగారు నూనెగిన్నె పట్టుకుని కూర్చున్నారు. ఆఖరి స్నానానికి ముందు తలకి నూనె పెట్టాలి కదా. నేను పెట్టె తెరిచి అత్తయ్య ప్యాచ్ బయటికి తీయడం చూసి, “ఇప్పుడెందుకమ్మా ఆ జుట్టు? పోయినావిడకి ఎవరి వెంట్రుకలో పెడతారా?” అన్నారు.

“అది దాని జుట్టే అక్కయ్యా” అన్నారు మామయ్య.

ఆవిడ గిన్నె వైపు చూసుకున్నారు. “మరి నూనె పెట్టకుండా ఎట్టా పంపుతామమ్మా, పుణ్యస్త్రీని?” అన్నారు. ఆ మాటలో పేచీ లేదు, బెంగ ఉంది. తల మొత్తం నూనె పట్టిస్తే ఇక గమ్ము నిలవదు, నేనిచ్చిన మాటా నిలవదు. కానీ దీనికేం చెయ్యాలో నాకు తెలుసు. మా అమ్మకి అత్తయ్య చెప్పిన మాటే ఆవిడకి చెప్పాను. “మీరు పెట్టండి పెద్దమ్మగారూ. ఒక్క చుక్క, మాడు మీద. అంచు నాకొదిలెయ్యండి.”

ఆవిడ వేలితో ఒక్క చుక్క తీసుకుని మాడు మీద పెట్టి, అక్కడే చెయ్యి ఉంచి ఏడ్చారు. స్నానం అయ్యాక నేను అంచు చుట్టూ స్పిరిట్ అద్దాను. గమ్ము రాసేముందు అత్తయ్య కుడిచెయ్యి ఎత్తి, నాలుగు వేళ్లూ ఆవిడ కనుబొమ్మల మీదే అడ్డంగా ఆనించాను. ఆ వేళ్లు చల్లగా, బరువుగా ఉన్నాయి. వాటి పైన పెన్నుతో గుర్తు పెట్టాను.

చల్లబడిన చర్మం మీద గమ్ము ఎంతకీ ఆరలేదు. బయట బండి వచ్చి ఆగింది. “ఇంకా ఎంతసేపమ్మా, పొద్దుపోతుంది” అని మగవాళ్లు గుమ్మంలోంచి అడిగారు. “ఆరేదాకా అండి” అన్నాను. మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పాను. మామయ్య లేచి విసనకర్ర తెచ్చుకుని, ఆవిడ నుదుటి దగ్గర కూర్చుని మెల్లగా విసరడం మొదలుపెట్టారు. ఇక ఎవరూ అడగలేదు. నేను మధ్యమధ్య వేలి వెనక వైపు ఆనించి చూస్తూ ఉన్నాను. ఆరాక ముందు అంచు ఆనించి, వెనక్కి పరిచాను. జరపాల్సిన అవసరం రాలేదు. దువ్వి, జడ అల్లి, భుజం మీదుగా ముందుకు వేశాను. పెద్దమ్మగారు కనకాంబరాలు తురిమారు. మామయ్య వంగి ఆవిడ ముఖంలోకి చూసి, “వచ్చేసింది” అన్నారు.

బండి ఎక్కించడానికి ఎత్తినప్పుడు కాలవ వైపు నుంచి గాలి కొట్టింది. నుదుటి మీది సన్నటి వెంట్రుకలు, ఎప్పట్లాగే, కాస్త లేచి ఆడాయి. అంచు కదల్లేదు.