నున్నటి గడ్డాల ఆర్డరు

మా ఆయనకు ఓర్వలేనితనం ఉందని పెళ్ళైన వారానికే తెలిసింది. పక్కింటాయనకు జలుబు చేస్తే నలుగురూ పలకరించారని, తనకు చేస్తే ఒక్కడూ అడగలేదని మూతి ముడుచుకున్న మనిషి ఆయన.

అలాంటి మనిషి నా తమ్ముడికి క్షవరం పని నేర్పాడు. కత్తి ఏ వాలులో పట్టాలో, చెంప మీద నుంచి గొంతు దాకా చెయ్యి వణక్కుండా ఎలా దించాలో వాడు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. షాపులో ఇద్దరికీ చెరో కుర్చీ. కొన్నాళ్ళకు మా ఆయన కుర్చీ ఖాళీగా ఉన్నా, జనం బల్ల మీద కూర్చుని, తమ్ముణ్ణి చూపిస్తూ, "పర్లేదులెండి, చిన్నాయన పని అయ్యేదాకా ఆగుతాం," అనడం మొదలుపెట్టారు. గురువును మించిన శిష్యుడని ఎవరైనా అంటే ఆ రోజు ఆయన నాతో కూడా మాట్లాడేవాడు కాదు. షాపు వెనక గదుల్లోనే ముగ్గురం కాపురం. నాకు మొగుడూ కావాలి, తమ్ముడూ కావాలి. ఆ ఇల్లు రెండు ముక్కలు కాకుండా చూసుకోవడమే నా బతుకైపోయింది.

ఇంతలో ఆ జబ్బు వచ్చిపడింది. ప్రభుత్వం అత్యవసర అధికారాలు చేతిలోకి తీసుకుంది. ఏ ఇంటినైనా మూసేయొచ్చు, ఎవరినైనా పనికి పిలవొచ్చు, ఎవరినైనా తీసుకుపోవచ్చు. ఎందుకని అడగడానికి లేదు. క్షౌరశాలలన్నీ మొదటి రోజే మూయించారు.

తర్వాత వాళ్ళకే మా అవసరం పడింది. గడ్డం ఉంటే మాస్కు మొహానికి అతుక్కోదట, పక్కల నుంచి గాలి దూరుతుందట. ఆస్పత్రిలో పనిచేసే మగాళ్ళందరూ నున్నగా గీయించుకోవాలని ఆర్డరు వేశారు. వీధిలోకి వ్యాన్ వచ్చింది. దిగిన అధికారి, "చిన్నాయన అంటే ఎవరండీ?" అన్నాడు.

తమ్ముడి చేతికి పసుపు పట్టీ కట్టారు. ఆ పట్టీ చూస్తే పోలీసులు అడ్డం తీసి దారిచ్చేవారు. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు.

"నేర్పినవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, నేర్చుకున్నవాణ్ణి బండెక్కించారు."

"వాడు వెళ్ళేది జబ్బున్న చోటికండీ, పేరంటానికి కాదు."

"అయినా ఆ పట్టీ వాడికి వదులు. నాకైతే సరిగ్గా సరిపోయేది."

వ్యాన్ డ్రైవరు ఆగినప్పుడల్లా మా ఆయన పలకరించే వంకతో వెళ్ళి, తమ్ముడు గీసిన అతని దవడ కింద పరీక్షగా చూసేవాడు. ఎక్కడా వంక దొరికేది కాదు. లోపలికొచ్చి తలుపు దబాల్న వేసేవాడు.

ఒక సాయంత్రం తమ్ముడు తింటూ పొలమారి దగ్గాడు. నేనే మాడు మీద తట్టి నీళ్ళిచ్చాను. మర్నాడు వాడు స్నానానికి వెళ్ళగానే మా ఆయన ఆస్పత్రికి ఫోన్ చేశాడు. "దగ్గుతున్నాడండీ. డాక్టర్ల మొహం మీద మొహం పెట్టి పనిచేసేవాడు కదా, చెప్పడం మా ధర్మం," అని చెప్పి, గొంతు తగ్గించి, "నేను ఖాళీగానే ఉన్నాను," అన్నాడు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఫోన్ పెట్టేశాడు.

"ఏం పని చేశారండీ ఇది?"

"నాలుగు రోజులు విశ్రాంతి దొరుకుతుంది వాడికి. మంచిదేగా."

ఇస్త్రీ చొక్కా వేసుకుని, కత్తులు సర్దుకుని, సంచి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బళ్ళు వచ్చాయి. పొలమారిందని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. దగ్గు అన్న మాట చాలట. తమ్ముణ్ణి ఊరి బయట శిబిరానికి తీసుకుపోయి, మా తలుపుకు అడ్డకర్రలు కొట్టారు. ఒకే ఇంట్లో ఉంటున్నాం కనుక మేమూ అనుమానితులమే. ఈ ముక్క ఆయన బుర్రకు తట్టనే లేదు.

"నేను వాడికి పని నేర్పినవాణ్ణండీ," అన్నాడు లోపల్నుంచి.

"వెనక్కి జరగండి," అన్నాడు అధికారి, మేకు కొట్టిస్తూ.

ఆస్పత్రికి పై వీధి మనిషిని పెట్టుకున్నారు. మా ఆయన ఆ ముక్కూ మొహం తెలియనివాడి మీదా ఏడ్చాడు. నాకైతే ఆయన మొహం చూస్తేనే ఒళ్ళు మండేది.

తమ్ముడికి జబ్బు అంటలేదు. వాడి పక్క మంచం మనిషి మాత్రం వాడు చూస్తుండగానే పోయాడట. చిక్కి సగమై తిరిగొచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆంక్షలు సడలించి షాపులు తెరవమన్న రోజున, మా ఆయన మాసిన గడ్డం చూసి, "కూర్చో బావా," అన్నాడు.

నురగ పూశాడు. కుడి చెంప నున్నగా గీశాడు. కత్తి గొంతు మీదికి వచ్చాక చెప్పాడు.

"ఫోన్ ఇంట్లోంచే వచ్చిందని బండిలోనే చెప్పారు. అక్క అలాంటి పని చెయ్యదు. కదలకు బావా, తెగుతుంది."

మా ఆయన కదల్లేదు. వాడు గొంతు మీద కుడివైపు కూడా శుభ్రంగా గీసి, కత్తి తుడిచి మడిచాడు.

"మిగతా సగం నువ్వు గీసుకో. నేర్పింది నువ్వేగా."

తన సామాను సంచిలో వేసుకున్నాడు. నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని మెట్లు దిగాడు. వస్తానక్కా అని కూడా అనలేదు.

కాసేపటికి మనుషులు రావడం మొదలైంది. చిన్నాయన ఇక రాడని చెబితే, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి తిరిగారు. మా ఆయన ఎవరినీ ఆపలేదు. ఇక ఎవరిని చూసి కుళ్ళుకోవాలో తెలియక, సగం గడ్డంతో అద్దం ముందు అలాగే కూర్చుండిపోయాడు.