ఎనిమిది సార్లు రాని మనిషి

మొన్న ఆదివారం మా ఇంట్లో ఆవకాయకని వెల్లుల్లి ఒలిచారు. ఫ్యాను గాలికి పొట్టు హాలంతా ఎగిరింది. పచ్చి వెల్లుల్లి ఘాటు వంటింటి గుమ్మం దాటి, నేను పేపరు చదువుకుంటున్న కుర్చీ దాకా వచ్చింది. ఆ వాసనకు అందరికీ ఆకలి వేస్తుందంటారు. నాకు కోపం వస్తుంది. ఇన్నేళ్లయినా తగ్గలేదు, తగ్గించుకోవాలని నేనూ అనుకోలేదు. పేపరు మడిచి పక్కన పెట్టాను. మా ఆవిడ నా ముఖం చూసి, "మళ్లీ యాదమ్మ గుర్తొచ్చిందా?" అంది. అవునన్నాను. "అయితే ఇవాళ మీతో మాట్లాడకూడదు" అని లోపలికి వెళ్లిపోయింది. అదీ నిజమే.

యాదమ్మను మీరు చూసి ఉండరు. చూసినా గుర్తుండదు. మోండా మార్కెట్లో కూరగాయల వరసలు దాటాక, చింతపండు కొట్ల వెనక సందులో గోనెసంచులు పరుచుకుని, హోటళ్లకూ వంటల కాంట్రాక్టర్లకూ వెల్లుల్లి ఒలిచి ఇచ్చే ఆడవాళ్లు కొందరుంటారు. వాళ్లలో ఆమె ఒకతె. యాభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పని. వెల్లుల్లి రసం చర్మాన్ని కాలుస్తుంది. రోజూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒలిచేవాళ్లకు వేళ్ల చివరలు ముందు ఎర్రబడి, పొరలు లేచి, కొన్నేళ్లకు వాగులో రాళ్లలా నున్నగా అయిపోతాయి. గీతలుండవు. ఆమె వేళ్లు అలా ఉండబట్టే ఆమె నాకు తెలిసింది.

అప్పట్లో నేను సికింద్రాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. దాని పేరు రాయను. రాస్తే ఇంకో లాయరు నోటీసు వస్తుంది, ఇప్పటికే ఒకటి బీరువాలో ఉంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్య బీమా అక్కడ చెల్లుతుంది. కార్డు పట్టుకుని వచ్చినవాళ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించి, వేలిముద్ర తీసుకుని, ఆపరేషనుకు ప్రభుత్వం నుంచి అనుమతి తెప్పించడం నా ఉద్యోగం. నా బల్ల మీద 'సహాయ కేంద్రం' అని బోర్డు ఉండేది. ఆ బోర్డు వెనక కూర్చుని నేను చేసిన సహాయం ఎలాంటిదో చెప్పకుండా యాదమ్మ గురించి రాయలేను.

ఆమెకు రొమ్ములో గడ్డ. పరీక్షలన్నీ అయ్యాయి, క్యాన్సరని తేలింది. త్వరగా ఆపరేషను చేయాలని డాక్టరు చీటీ మీద రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. ఆ చీటీ, బీమా కార్డు కొంగున ముడేసుకుని వచ్చింది. నేను వేలు పెట్టమన్నాను. పెట్టింది. యంత్రం ఎర్ర దీపం వెలిగించింది. పది వేళ్లూ వరసగా పెట్టించాను. పదిసార్లూ ఎరుపే. కంటిని చూసి గుర్తుపట్టే పరికరం కూడా ఉంటుందని శిక్షణలో చెప్పారు గానీ మాకు ఇవ్వలేదు.

"ఏంది సారూ, మీ మిషనుకు నేను నచ్చలేదా?" అంది.

"వేళ్లు అరిగిపోయాయండీ. వెల్లుల్లి పని ఒక పది రోజులు మానేసి, కొబ్బరినూనె రాసుకుని రండి. గీతలు తేలతాయి."

"పది దినాలు పని బందు పెడ్తే ఏలు వస్తది. మరి కూడు ఏడికెళ్లి వస్తది?"

మా నాన్న తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డాడు. నేను ఇక్కడే పుట్టినా ఇంట్లో మాట మారలేదు. జవాబు లేనప్పుడు నా నోటికి 'అండీ' ఇంకాస్త ఎక్కువగా వస్తుంది. "చూద్దామండీ, రేపు రండీ" అన్నాను. ఆమె లేచి నిలబడి, "మీ అండీలు మస్తు తియ్యగుంటయ్ సారూ. పనే కాదు" అని వెళ్లిపోయింది. ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది. నన్ను ఎవరేమన్నా మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఆ రోజంతా, నాకు ఉద్యోగం ఎలా చేయాలో వెల్లుల్లి ఒలిచే మనిషి నేర్పుతుందా అని లోపల రగులుతూనే ఉన్నాను.

ఆమె వెళ్లాక ఫైలు మూయాలి. ఎందుకు మూస్తున్నామో కారణం ఎంచుకుంటే తప్ప కంప్యూటరు మూయనివ్వదు. దానిలో మూడే కారణాలుండేవి: కార్డు లేదు, లబ్ధిదారు హాజరు కాలేదు, లబ్ధిదారు చికిత్స వద్దన్నారు. యంత్రం వేలిని గుర్తుపట్టలేదు అనే కారణం లేదు. ఆ పథకాన్ని రూపొందించినవాళ్లకు, పని చేసి చేసి గీతలు పోగొట్టుకునే వేళ్లుంటాయని తోచలేదు. పేదల కోసం పెట్టిన పథకం మరి. నేను మేనేజరును అడిగాను. "రెండోది కొట్టు. అందరికీ అదే కొడతాం కదా" అన్నాడు. కొట్టాను. నాకు ఎదురుగా, మూడడుగుల దూరంలో పది వేళ్లూ పెట్టి వెళ్లిన మనిషి హాజరు కాలేదని రాశాను.

వేలు పడనివాళ్లకు కాగితం మీద ఒక ఫారం ఉంటుందని నాకు అప్పటికే తెలుసు. డాక్టరూ నేనూ సంతకాలు చేసి, ఈ మనిషి ఈ మనిషే అని ధ్రువీకరిస్తే సరిపోతుంది. కానీ ఆ ఫారం వెళ్తే ప్రభుత్వ ఆఫీసు నుంచి తనిఖీకి వస్తారు, వచ్చినవాళ్లు మిగతా ఫైళ్లు కూడా తిరగేస్తారు. అందుకని మేనేజరు వాటిని తన సొరుగులో పెట్టి తాళం వేసేవాడు. నేను అడగలేదు. ఇది నా మీద నాకున్న ఫిర్యాదు, దీనికి ఏ ఆఫీసులోనూ రసీదు ఇవ్వరు.

ఆమె మళ్లీ వచ్చింది. మళ్లీ ఎరుపు. మూడోసారి వచ్చినప్పుడు తలమీద సంచితో వచ్చింది. నా బల్లకు ఎదురుగా, పాలరాతి నేల మీద గోనె పరుచుకుని, సంచి విప్పి వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. మా హాలు మీరు చూడాలి. గాజు తలుపులు, సువాసన చల్లే డబ్బాలు, సోఫాలు. అరగంటలో హాలంతా వెల్లుల్లి కంపు కమ్మేసింది. సెక్యూరిటీ అతను వచ్చి, "అక్కా, పెద్ద పేషెంట్లు వాసన అంటున్రు. జెర బయట కూసో" అన్నాడు.

"నీకేమన్న తక్లీఫ్ ఇస్తున్ననా తమ్మీ? నా పని నేను చేస్తున్న. గా సారు పని గా సారు చేస్తె లేచి పోత."

"పొట్టు పడ్తుందక్కా."

"పోయేటప్పుడు ఊడ్చి పోత. మీ డాక్టర్లు సుత గంత సాఫ్ చెయ్యరు."

నిజంగానే ఊడ్చి వెళ్లేది. మూడు నాలుగు రోజులకోసారి వచ్చేది, ఒక పూట కూర్చునేది, మధ్యలో లేచి వేలు పెట్టేది, ఎర్ర దీపం చూసేది, వెళ్లేటప్పుడు నన్ను ఒకే మాట అడిగేది. "నేనొచ్చినట్టు ఎక్కిందా?" నేను "ఎక్కించానండీ" అనేవాణ్ణి. ఇలా నాలుగు వారాలు. గడ్డకు మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. అది దాని పని చేసుకుపోయింది.

ఎనిమిదోసారి వచ్చినప్పుడు, నేను ఆ రోజు ఫైలు కూడా మూశాక, ఆమె లేచి బల్ల చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చింది. "నాకు సదువు రాదు. నువ్వు గా టీవీలో ఏం రాసినవో ఏలు పెట్టి సదువు" అంది. ఏదో ఒకటి చెప్పి పంపవచ్చు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు. అక్షరాల మీద వేలు పెట్టి చదివాను: "లబ్ధిదారు హాజరు కాలేదు."

"లబ్ధిదారంటే ఎవరు?"

"మీరే."

"నేను రాలేదని రాసినవ్."

"అవును."

"ఇయ్యాల్నా? ఎప్పటి సంది?"

"మొదటి రోజు నుంచీ."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. హాలు వైపు తిరిగింది. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ వినిపించేలా, "అన్నా, అక్కా, జెర చెప్పుండ్రి. నేను గీడ ఉన్ననా లేనా?" అంది. కాలికి కట్టుతో ఉన్న ఒక ఆటో డ్రైవరు, "నీ ఎల్లిగడ్డకు పొద్దుగాల్ల సంది నోరూరి సస్తున్నమక్కా, లేవంటె ఎట్ల?" అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆమె నా వైపు తిరిగి, "రాయి" అంది.

తెల్లకాగితం తీసి రాశాను. యాదమ్మ అనే ఈమె ఈ రోజు ఈ ఆసుపత్రిలో హాజరై ఉన్నదని, తాము కళ్లారా చూశామని. ఆటో డ్రైవరు సంతకం పెట్టాడు. తర్వాత డబ్బు కట్టి వైద్యం చేయించుకునే ఒక పెద్దాయన పెట్టాడు, ఆ ఉదయం వాసనంటూ ఫిర్యాదు చేసింది ఆయనే. సెక్యూరిటీ అతను అటూ ఇటూ చూసి పెట్టాడు. రెండు పేజీలు నిండాయి. ఆమె కాగితం నా ముందు పెట్టి, "నువ్వు చూడలేదా సారూ?" అంది. ఆ కాగితం మీద నా సంతకం అన్నిటికంటే కిందిది. ముందు పెట్టి ఉండాల్సింది. అది నాకు గుర్తుంది, గుర్తుంచుకోవాలి కూడా.

ఆ కాగితం పట్టుకుని ఆమె బీమా జిల్లా ఆఫీసుకు పోయింది. అందినట్టు ముద్ర వేయించుకోకుండా కదలలేదట. మర్నాడే మా మేనేజరు సొరుగు తాళం తెరుచుకుంది. ఫారం మీద డాక్టరూ నేనూ సంతకాలు చేశాం. రెండు రోజుల్లో అనుమతి వచ్చింది. రెండు రోజులు. మొదటి రోజే మొదలుకావలసిన రెండు రోజులు.

ఆపరేషను చేసిన సర్జను మంచివాడే. కానీ కుట్లు విప్పే రోజు నా ముందే ఆయనన్న మాట నేను క్షమించలేదు. గడ్డ చంకలోకి పాకిందని చెప్పి, "ఒక నెల ముందు వస్తే ఇంత దాకా వచ్చేది కాదమ్మా. మీవాళ్లంతా ఇంతే, ముదిరాక వస్తారు" అన్నాడు. ఆమె నా వైపు చూసి, "చెప్పు సారూ, నేనెప్పుడొచ్చిన్నో" అంది. నేను గొంతు విప్పే లోపు ఆయన తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొద్ది వారాలకు జిల్లా సమీక్షా సమావేశం జరిగింది. గోడ మీద లెక్కల బొమ్మలేసి చూపించారు. మురికివాడల ఆడవాళ్లు కార్డులుండీ చికిత్సకు రావడం లేదని, హాజరు కానివాళ్లు వాళ్లలోనే ఎక్కువని, దానికి కారణం అవగాహన లోపమని తేల్చారు. అవగాహన కోసం ర్యాలీ, డప్పు బృందం, టోపీలు. నేను లేచి, "హాజరు కాలేదని రాసింది నేను. వాళ్లు వచ్చారు" అన్నాను. ముందు వరసలోని అధికారి నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు కూర్చోండి. లెక్కలు అబద్ధం చెప్పవు" అన్నాడు. కూర్చోలేదు. భోజనాల దాకా నిలబడే ఉన్నాను. వారం తిరక్కుండా నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. కారణం: రోగుల సమాచారం బయటపెట్టడం.

తిరుమలగిరిలో ఒక ఆడిటరు దగ్గర గుమాస్తాగా చేరాను. మోండా మార్కెట్టు వైపు వెళ్లినప్పుడల్లా యాదమ్మ దగ్గర కూర్చునేవాణ్ణి. క్యాన్సరు మందులు ఎక్కించుకుంటున్న రోజుల్లో కూడా వెల్లుల్లి ఒలిచేది. సందులో ఎవరికి ఏ ఆసుపత్రిలో 'కాదు' అన్నా నా దగ్గరికి తోలేది. "గీ బిడ్డ మాట మెత్తగుంటది గని కాగితం గట్టిగ రాస్తడు" అనేది. సారూ పోయి బిడ్డ వచ్చింది. ఎలా అడగాలో వాళ్లకు ఆమే చెప్పేది: "లేదన్నోన్ని తిట్టకుండ్రి. లేదని రాసియ్యమనుండ్రి. నోటితోని అందరంటరు, చేతితోని రాయమంటె వణుకుతది." ఇప్పటికి నేను రాసిన ఫిర్యాదులన్నిటికీ మూలం ఆ ముక్కే. అంతకుముందు నా కోపాలన్నీ నా కోసమే ఉండేవి: నన్ను ఎవరేమన్నారు, ఎవరు కూర్చోమన్నారు, ఎవరు కూర్చోమనలేదు. కోపాన్ని ఇంకొకరి కోసం కూడా వాడవచ్చని చూపించింది ఆమె.

మూడేళ్లు బతికింది. చివరికి ఎముకల్లోకి వచ్చింది. ఆ చివరి రోజుల్లో కూడా, "గా ఎనిమిది సార్లు సరిచేసిన్రా?" అని అడిగింది. చేస్తారన్నాను. చేయలేదు.

చేయరని తెలిసీ అడుగుతున్నాను. ఆమె పోయాక నా అర్జీ రెండుసార్లు తిరిగొచ్చింది. మనిషే లేనప్పుడు ఎంట్రీ సరిచేసి ఏం లాభమని ఒక అధికారి నాతో అన్నాడు. లాభం ఆమెకు కాదు. ఆ ఎనిమిది లాంటి అబద్ధాలు కలిస్తేనే వాళ్ల లెక్కల బొమ్మ తయారైంది, ఆ బొమ్మనే చూపించి ప్రతి సంవత్సరం ఇంకో టోపీల ర్యాలీ తీస్తున్నారు. వేలు పడనివాళ్లు ఇంకా ఎర్ర దీపాలు చూస్తూనే ఉన్నారు.

పోయిన వారం మూడోసారి వెళ్లాను. ఈసారి కొత్త ఫారం ఇచ్చారు. నింపి ఇస్తే కౌంటరులో కుర్రవాడు ఒక గడి చూపించి, "సార్, మృతురాలితో సంబంధం అని ఉన్నది కదా, ఇది ఖాళీ పెట్టొద్దు. కొడుకు, తమ్ముడు, ఏదో ఒకటి ఉండాలె. లేకుంటె అర్జీ చెల్లదు" అన్నాడు.

"వీటిలో ఏదీ కాదు బాబూ."

"మరి మీరు ఆమెకు ఏమైతరు సార్?"

నేను కలం తీసి ఆ గడిలో పట్టేలా చిన్న అక్షరాలతో రాశాను: ఎనిమిది సార్లు ఆమె రాలేదని రాసినవాణ్ణి.